అనాథ గుంత

మా కాలనీ మెడికల్ షాపు ముందున్న గుంతకు మా అడ్రసులో అధికారిక స్థానం ఉంది. కొరియర్ కుర్రాడు ఫోన్ చేస్తే, "గుంత దాటాక ఎడంపక్క రెండో గేటు" అంటాం. తిన్నగా వచ్చేస్తాడు. కొందరు మాత్రం దాటకుండా అందులోనే ఆగిపోతారు.

మొన్న వానల్లో అలా ఆగినవారు మా పక్కింటి లెక్కల మాష్టారు. గుంత నిండా నీళ్లు, లోతెంతో పైకి తెలియదు. స్కూటర్ ఒకవైపు, ఆయన ఒకవైపు, కూరల సంచి మూడోవైపు. జనం పరుగెత్తుకొచ్చి ఆయన్ని లేపి కూర్చోబెట్టి, టమాటాలు ఏరిచ్చి, తీర్పు చెప్పేశారు: "పెద్దవారు, చూసుకుని నడపాలి కదండీ!" మన దగ్గర రోడ్డు ప్రమాదాల మీద తొలి విచారణ అక్కడికక్కడే ముగుస్తుంది. ముద్దాయి ఎప్పుడూ పడ్డవాడే.

మోచెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చి, "ఈ గుంత ఎవరిదో తేలాల్సిందే" అన్నారు మాష్టారు. రోడ్డు వేసినవాళ్లను అడిగితే, "మేం వేసింది రోడ్డండీ, గుంత పైపులవాళ్లది" అన్నారు. పైపులవాళ్లు కేబుల్‌వాళ్లను చూపించారు. కేబుల్‌వాళ్లు, "తవ్వాం, పూడ్చాం, మిగతాది కాంట్రాక్టర్ని అడగండి" అన్నారు. కాంట్రాక్టర్ తన గ్యారంటీ గడువు తీరిపోయిందన్నాడు. అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నదొక్కటే, తప్పంతా వానదని. వానకు సమన్లు ఎవరిస్తారు?

చివరికి లాయరైన మా బావమరిదిని పిలిపించాను.

"చట్టం లేకేం మాష్టారూ! 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ అని ఓ సెక్షన్ చేర్చారు. రోడ్డును ప్రమాణాల ప్రకారం వెయ్యకపోవడం వల్లో, బాగు చెయ్యకపోవడం వల్లో మనిషి పోయినా, వికలాంగుడైనా, బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా."

మాష్టారి మొహం వెలిగింది. "అందులో నాకెంత?"

"మీకేం రాదండీ. అది కేంద్రం పెట్టిన ప్రమాదాల నిధికి పోతుంది. పైగా మీది అతుక్కునే మోచెయ్యి. ఆ సెక్షన్‌కి మీ అర్హత చాలదు."

"మరి నేను హెల్మెట్ పెట్టుకోకపోతే?"

"వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు పోతుంది."

"ఆ లెక్కన ఈ రోడ్డుకీ మూడు నెలలు లైసెన్సు తీసెయ్యాలి కదయ్యా!" అన్నారు మాష్టారు. బావమరిది నవ్వలేదు. 2013 నుంచి 2017 వరకు గుంతల వల్ల దేశంలో 14,926 మంది పోయారనీ, ఉగ్రవాదుల చేతుల్లో పోయినవాళ్లకన్నా ఇది ఎక్కువేమోనని 2018లో సుప్రీంకోర్టు అన్నదనీ చెప్పాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"ఇంకోటుంది. ఆ సెక్షన్ కింద కేసు వస్తే, గుంత సంగతి అధికారులకు ముందే తెలుసా, హెచ్చరిక ఏమన్నా పెట్టారా అని కూడా కోర్టు చూస్తుంది" అన్నాడు. నా గుండె గుభేలుమంది. మాష్టారు పడ్డాక ఆ గుంతలో వేపకొమ్మ పాతింది మేమే. ఇంకెవరైనా పడితే అది అవతలివాళ్ల తరఫున సాక్ష్యం చెబుతుందేమో!

తెలియకపోవడమే రక్ష అన్న కిటుకు మనవాళ్లు కనిపెట్టింది కాదు. 1979లో న్యూయార్క్ నగరం ఓ చట్టం చేసుకుంది. ఫలానా చోట గుంత ఉందని ముందే రాతపూర్వకంగా తెలిపి ఉండాలి, ఆ తర్వాత 15 రోజుల్లో బాగుచెయ్యకపోతేనే నగరానికి పూచీ. అక్కడి ప్లీడర్లు ఊరుకుంటారా? 1982లో ఏకంగా ఓ సంస్థ పెట్టి, వీధివీధీ మనుషుల్ని తిప్పి, ప్రతి గుంతకూ పగులుకూ మ్యాపుల మీద గుర్తులు పెట్టించి, కట్టలు కట్టలుగా నగరం ఆఫీసులో దాఖలు చేశారు. ఇక తెలియదనడానికి వీల్లేకుండా పోయింది.

"మనవైపు ఆశే లేదా?" అన్నాను.

"బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో ఇచ్చిన ఆదేశం ఉంది బావా. గుంతల్లో పడి చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, దెబ్బలు తగిలితే 50 వేల నుంచి రెండున్నర లక్షలు. కాకపోతే అది మహారాష్ట్రలో."

"ముందే చెబితే అక్కడికెళ్లి పడేవాణ్ని కదయ్యా" అన్నారు మాష్టారు.

అయినా ఆయన న్యూయార్కు పద్ధతే పట్టారు. ఎడంచేత్తో కాలనీ మ్యాపు గీసి, గుంతలన్నిటికీ నంబర్లేసి, లోతును బట్టి మార్కులిచ్చి, మున్సిపల్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపారు. ఇన్నాళ్లూ ఉలకని ఆఫీసు ఉత్తరం అందగానే కదిలింది. పలుగూ పారా పట్టుకుని మనుషులొచ్చారు. "గుంత ఉన్నది, జాగ్రత్త" అని బోర్డు నిలబెట్టడానికి పక్కనే ఇంకో గుంత తవ్వి వెళ్లారు. మాష్టారు దానికీ నంబరేసి, రెండో ఉత్తరం మొదలుపెట్టారు.