వంట తగ్గించండి, ముందు కూర్చోండి

ఇంట్లో స్నేహితులకు ఫ్రెంచ్ విందు ఇవ్వాలనుకుంటే ఈఫిల్ టవర్ బొమ్మలు, మూడు రంగుల బెలూన్లు కొనకండి. ఆ డబ్బుతో మంచి వెన్న కొనండి. నా మిగతా సలహాలు వింటే మీ అమ్మగారు నొచ్చుకుంటారు. తక్కువ వండండి. నిన్నటి కూర పెట్టండి. తీపి బజారు నుంచి తెప్పించండి. మారు వేసుకోమని ఎవర్నీ బతిమాలకండి.

మన ఇళ్లలో విందంటే వడ్డించే మనిషి నిలబడే ఉండాలి. అందరూ చేతులు కడిగాక, చల్లారిన గిన్నెల ముందు ఆవిడ ఒక్కతే కూర్చుంటుంది. దీన్ని మర్యాద అంటే నేను ఒప్పుకోను. ఫ్రెంచ్ బల్ల దగ్గర ఇంటావిడ తినడం మొదలుపెట్టేదాకా అతిథులు ఆగుతారు. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంటే విందు మొదలే కాదు. నేను చెప్పేవన్నీ ఆ కుర్చీ కోసమే.

2010లో యునెస్కో ఫ్రెంచ్ వాళ్ల విందు భోజనాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫలానా వంటకమని పేరు పెట్టలేదు. నలుగురూ కలిసి కూర్చోవడాన్నీ, తినే వరసనూ గుర్తించింది. ముందు ఆకలి పుట్టించే పానీయం, తర్వాత తొలి వంటకం, కూరగాయలతో చేపో మాంసమో, చీజ్, తీపి, ఆఖరున అరుగుదలకు ఒక గుక్క. ఒక్కో విడతకు ఒక్కటి చాలు. పదకొండు రకాలు చేసి ఒకేసారి బల్ల మీద పరిస్తే అది మన విందే అవుతుంది.

విస్తరి నిండితేనే కన్ను నిండే మనకు ఇది కష్టమే. అయితే 19వ శతాబ్దం దాకా ఫ్రాన్స్ పెద్దిళ్లలోనూ ఒక్కో విడత పళ్లేలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవాళ్లు. ఒకదాని తర్వాత ఒకటి తెచ్చే పద్ధతి రష్యాది. పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న కురాకిన్ 1810 ప్రాంతంలో దాన్ని అక్కడికి తెచ్చాడని చెబుతారు. వేడిది వేడిగా తినొచ్చు గనక ఫ్రెంచ్ వాళ్లు దాన్ని వదల్లేదు. వాళ్లు మారగలిగారు, ఒక్క రాత్రికి మనమూ మారగలం.

ఏడున్నరకు రమ్మని పిలిస్తే ఏడూ ముప్పావుకు రమ్మని అర్థం. ఫ్రాన్స్‌లో ఆ పావుగంట ఆలస్యం మర్యాద కిందే లెక్క. వేళకు ముందే వచ్చినవాళ్లు వంటింట్లో ఉన్న మనిషిని కంగారు పెడతారు. మనవాళ్లలో గంట ఆలస్యమయ్యేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ సంగతి ఫోన్‌లో విడమరిచి చెప్పండి.

వచ్చినవాళ్లకు కీర్ ఇవ్వండి. తెల్ల వైన్‌లో నల్ల ద్రాక్షలాంటి కాసిస్ పండ్ల లిక్కర్ కాస్త కలిపితే కీర్. 1945 నుంచి 1968 దాకా దిజోన్ మేయరుగా ఉన్న ఫెలిక్స్ కీర్ పేరు అది. తాగనివాళ్లకు అక్కడి పిల్లలు ఇష్టపడే డయాబోలో మాంత్, అంటే పుదీనా సిరప్‌లో తియ్యటి నిమ్మ సోడా. నంచుకోడానికి ఉప్పు బాదం, వెన్న రాసిన ముల్లంగి ముక్కలు. మిర్చి బజ్జీలు పెట్టకండి. వాటితోనే కడుపు నిండిపోతుంది.

తొలి వంటకంగా ఉల్లిపాయ సూప్ చేయండి. సన్నగా తరిగిన ఉల్లిని వెన్నలో, సన్నసెగ మీద, ముప్పావుగంటకు తగ్గకుండా కదుపుతూ ఉండాలి. పోపులో వేసినట్టు పెద్ద మంట మీద వేయిస్తే మాడి చేదెక్కుతుంది. తొందరపడకపోతే ఉల్లిలోని తీపి బయటికొచ్చి రంగు తేనెలా మారుతుంది. కారప్పొడి, గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద ఆ రాత్రికి ముట్టుకోకండి.

ఇక అసలు వంటకం కోక్ ఓ వాన్, ఎర్ర వైన్‌లో కోడి. లేత బ్రాయిలర్ కొనకండి. ముదురు నాటు పుంజు కావాలని అడగండి. గట్టి మాంసం ఉన్న ముసలి పుంజుల్ని మెత్తబరచడానికి పుట్టిన వంట ఇది. గంటలకొద్దీ ఉడికితే కీళ్ల దగ్గరి జిగురు కరిగి పులుసు చిక్కబడుతుంది. బ్రాయిలర్ అంతసేపు ఆగదు, పీచుపీచవుతుంది. విందుకు రెండు రోజుల ముందు రాత్రి పుంజును వైన్‌లో నానబెట్టండి, మర్నాడు వండండి, వడ్డించడం ఆ మర్నాడు. శాకాహారులకు నీస్ ఊరి రాటటూయ్. వంకాయ, జుకీనీ, క్యాప్సికమ్, ఉల్లి దేనికది ఆలివ్ నూనెలో వేయించి, టమాటాతో కలిపి మగ్గించాలి. అదీ ఒక రాత్రి ఆగితేనే రుచి. నిన్నటి కూర పెట్టమన్నది అందుకే. అతిథులొచ్చే సాయంత్రం పొయ్యి దగ్గర మీకు వెచ్చబెట్టడం తప్ప పని ఉండకూడదు.

పచ్చి ఆకుల సలాడ్ ముందు పెట్టకండి, మాంసం తర్వాత పెట్టండి. మూడు వంతుల నూనెకు ఒక వంతు వెనిగర్, చెంచాడు దిజోన్ ఆవముద్ద కలిపితే చాలు. ఆకుల్ని కత్తితో కోయరు, ఫోర్కుతో మడుచుకుంటారు. బ్రెడ్డుకు వేరే పళ్లెం అక్కర్లేదు, బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు.

చీజ్ తీపికంటే ముందు రావాలి. గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచండి. పళ్లెం ఒక్కసారే తిప్పాలి. రెండోసారి వేసుకుంటే అంతకుముందు పెట్టింది చాలలేదన్నట్టు అక్కడ అర్థం. కాబట్టి కొసరి కొసరి వడ్డించే మన అలవాటును ఇక్కడ గట్టిగా బిగబట్టండి. ఒకసారి వద్దన్న మనిషి మాటను నమ్మడం కూడా గౌరవమే.

తీపి కొనమన్నానుగా. ఆదివారం భోజనానికి మంచి దుకాణం నుంచి అట్టపెట్టెలో కేకు తేవడం ఫ్రాన్స్‌లో ఎవరికీ నామోషీ కాదు.

బల్ల మీద చామంతులు పెట్టకండి. మనకవి పూజకూ పండగకూ శుభమే గానీ, ఫ్రాన్స్‌లో నవంబర్ మొదట్లో సమాధుల మీద ఉంచే పూలవి. అతిథుల్లో ఒక్కరు ఫ్రాన్స్‌లో చదువుకున్నవాళ్లున్నా చివుక్కుమంటుంది.

కాఫీ తీపితో పాటు కాదు, తర్వాత, చిన్న కప్పుల్లో, పాలు లేకుండా. గిన్నెలు ఆ రాత్రి తోమకండి. సింకులో చప్పుడు వినిపిస్తే అతిథులు లేవాల్సిన వేళైందనుకుంటారు, ఇంటావిడ మళ్లీ నిలబడిపోతుంది.