రంగు చూసి పాస్ చేసే ఇన్‌స్పెక్టర్లు

వేలెడంత పుల్ల. టీవీ వెనక గుచ్చితే లోకంలోని సినిమాలన్నీ ఇంట్లోనే ఆడతాయట. స్ట్రీమింగ్ స్టిక్ కొత్త మోడల్ బజారులోకి వచ్చిందంటే చాలు, సాయంత్రానికల్లా సమీక్షలు సిద్ధం. పేరు ‘తొలి అభిప్రాయం’. అందులో ఏముంటుంది? డబ్బా మూత ఎంత మెత్తగా తెరుచుకుందో ఉంటుంది. రిమోట్ చేతిలో ఎంత బరువు తూగిందో, బటన్ నొక్కితే ఎంత ముద్దుగా ‘టిక్’మందో ఉంటుంది. బ్యాటరీలు కంపెనీవాళ్లే ఇచ్చారన్న శుభవార్త ఉంటుంది. తెర మీద బొమ్మలు వరసకట్టగానే ఒక పరవశం, అయిదుకు నాలుగున్నర నక్షత్రాలు, కింద కొనుగోలు లింకు. ఒక్క సినిమా చివరిదాకా చూసిన ఆనవాలు మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ సమీక్షకులను ఒక్కసారి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు పంపాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు తెలుగువాళ్లు తరాలుగా చెమటోడ్చిన చోటది. రైలు పెట్టె పీవోహెచ్‌కు, అంటే గడువు ప్రకారం జరిగే పూర్తి మరమ్మతుకు వస్తే అక్కడ చక్రాలు విప్పుతారు, బ్రేకులు పరీక్షిస్తారు, అరిగినవి మారుస్తారు. రంగు వేసేది ఆ తర్వాతే. చివరికి పెట్టె మీద పీవోహెచ్ అయిన తేదీ, మళ్లీ వర్క్‌షాపుకు రావలసిన ‘రిటర్న్ డేట్’ పెయింటుతో రాస్తారు. కొత్త రంగు వాసన పీల్చి ‘బ్రహ్మాండం, పంపించేయండి’ అన్న ఇన్‌స్పెక్టరుకు అక్కడ మర్నాడు ఉద్యోగం ఉండదు. గాడ్జెట్ల లోకంలో అలాంటాయనకే సబ్‌స్క్రైబర్లు ఎక్కువ.

సరే, ఆయన చేయని పీవోహెచ్ మనమే చేద్దాం.

మొదటి హామీ: ‘తీగ తెంపేయండి’. ఈ పుల్లకు హెచ్‌డీఎంఐ మూతి, దానికి యూఎస్‌బీ తీగ, తీగకు అడాప్టరు. టీవీ గోడకు ఆనుకుని ఉంటే మధ్యలో ఒక ఎక్స్‌టెండరు. నెట్‌కు రూటరు, దానికి మరో అడాప్టరు, వీధిలోంచి ఫైబరు. పాత రైల్వే క్వార్టర్లో గదికి ఉన్న ఒకే ప్లగ్గు ఇవన్నీ మోయాలి కాబట్టి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఇంతకీ ఆ ఫైబరు లాగేది ఎవరు? చాలా వీధుల్లో పాత కేబుల్ కుర్రాడే. మొన్నటిదాకా ఛానళ్ల డబ్బుకు వచ్చేవాడు, ఇప్పుడు నెట్ డబ్బుకు వస్తున్నాడు. మనం విప్లవం తెచ్చాం, అతను రసీదు పుస్తకం మార్చాడు.

రెండో హామీ: ‘అన్నీ ఒక్కచోటే’. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో మన దేశానికి వచ్చింది, ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో. 2020లో మన ‘ఆహా’ పుట్టింది. 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, జియోసినిమా కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాయి. పుల్ల కొన్నవాడికి దక్కేది ఈ దుకాణాల బోర్డులను వరసగా చూసే భాగ్యం. లోపలికి వెళ్లాలంటే దేని చందా దానిదే. పోనీ, చందా కట్టాక ప్రకటనల బెడద తప్పుతుందా? 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియో మన దేశంలో సినిమాలకు, సిరీస్‌లకు ప్రకటనలు జోడించింది. వద్దనుకునేవాళ్లు నెలకు మరో 129 రూపాయలు కట్టుకోవచ్చని సెలవిచ్చింది. ‘ఏటి బాబూ, పుల్లకీ డబ్బులు, పుల్లలో బొమ్మకీ డబ్బులు, బొమ్మ మధ్యన సబ్బులోడు రాకుండా ఉండడానికీ డబ్బులేనా?’ అని ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో ఏ తెలుగు మామ్మో నిలదీస్తే నాలుగున్నర నక్షత్రాలాయన ఏం చెబుతాడు?

మూడో హామీ: ‘మీరు మాట్లాడితే చాలు’. ఇలాంటి పుల్లల్లో మన మాట వినే అలెక్సాకు 2019లో హిందీ నేర్పారు. తెలుగు ఇంకా ఆ బడిలో చేరలేదు. ఖరగ్‌పూర్ మామ్మ గోల్‌బజార్‌లో హిందీలో బేరమాడుతుంది, పక్కింటి బౌదితో (వదినతో) బెంగాలీలో కష్టసుఖాలు చెప్పుకుంటుంది, మనవడిని తెలుగులో తిడుతుంది. ఆ మూడింట్లో యంత్రానికి ఎక్కేది ఒక్కటే. తెలుగు సినిమా కావాలంటే మామ్మ హిందీలో అర్జీ పెట్టుకోవాలి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. సర్కారు దగ్గర దొరికిన మర్యాద రిమోట్ దగ్గర దొరకలేదు. మన సమీక్షకుడికి ఈ గొడవేం పట్టదు. వాతావరణం ఎలా ఉందని ఇంగ్లీషులో అడుగుతాడు. కిటికీలోంచి కనిపిస్తున్న ఎండ సంగతి టీవీ చెప్పగానే మురిసిపోతాడు.

నాలుగోది ‘ఇంతవరకూ వచ్చినవాటిలో అత్యంత’ అనే మంత్రం. అత్యంత వేగం, అత్యంత స్పష్టత. ఖరగ్‌పూర్‌కు ఈ ‘అత్యంత’ బాగా పరిచయమే. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాంతో చాలాకాలం ప్రపంచ రికార్డు తనదే అని చెప్పుకుంది. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో, 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో దాన్ని వెనక్కి నెట్టాయి. రైలెక్కేవాడు మాత్రం ఏనాడూ ప్లాట్‌ఫాం పొడవు అడగలేదు, తన పెట్టె ఎక్కడ ఆగుతుందో అడిగాడు. డబ్బా మీద 4కె అని ఉన్నా ఇంట్లో టీవీ 4కెది కాకపోతే ఆ అక్షరాలు డబ్బాకే అందం. టీవీ సరైనదే అయినా 4కెకు సెకనుకు 15 మెగాబిట్ల వేగం కావాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. రాత్రి ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకున్నప్పుడు ఆ వేగం ఎంత మిగులుతుందో చూసి రాసిన తొలి అభిప్రాయం ఎక్కడుంది? చవక మోడళ్లలో ఉండే 8 జీబీ చోటు నాలుగు యాప్‌లు ఉబ్బేసరికి ఏమవుతుందో డబ్బా విప్పిన రోజే ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే అసలైనది రిటర్న్ డేట్. గూగుల్ 2013లో 35 డాలర్లకు క్రోమ్‌కాస్ట్ అనే ఇలాంటి పరికరమే తెచ్చింది, 2015లో రెండో తరం తెచ్చింది. ఆ రెండో తరం పరికరాలు 2025 మార్చి 9న ప్రపంచమంతటా ఒక్కసారిగా మొరాయించాయి. ఏదీ విరగలేదు, కాలలేదు. లోపలి డిజిటల్ సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు తీరిపోయింది, అంతే. గూగుల్ కొద్దిరోజుల్లో సరిచేసింది. అసలు క్రోమ్‌కాస్ట్ తయారీనే ఆపేస్తున్నామని 2024 ఆగస్టులోనే ప్రకటించింది కూడా. అంటే పుల్లకూ రిటర్న్ డేట్ ఉంది. రైలు పెట్టెకు బయట రాస్తారు, దీనికి లోపల దాస్తారు.

పుల్ల దండగ అనడం లేదు. బెంగాల్‌లో తెలుగింటికి కొత్త తెలుగు సినిమా తెలుగులోనే అందడం చిన్న సంగతి కాదు. అందుకే దాన్ని చూసే కళ్లు సరిగ్గా ఉండాలి.

సమీక్షకులారా, డబ్బా విప్పండి, సంతోషించండి, మూడు నెలలు నోరు మూసుకోండి. ఆ తర్వాత అయిదు ముక్కలు చెప్పండి చాలు: నెలకు చందాలన్నీ కలిపి ఎంతయింది, రాత్రి ఎనిమిదింటికి బొమ్మ ఆగకుండా ఆడిందా, నింపిన యాప్‌లతో ఎంత నెమ్మదించింది, ఇంట్లో పెద్దావిడ ఎవరి సాయం లేకుండా వాడగలిగిందా, కంపెనీ ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తానని రాతపూర్వకంగా చెప్పింది. పాఠకులారా, ఈ అయిదూ లేని సమీక్ష చూసి జేబులో చెయ్యి పెట్టకండి. డబ్బా అందంగా ఉందని చెప్పడానికి ఫొటో చాలు, నిపుణుడు అక్కర్లేదు.