పారెయ్యకు అత్తయ్యా!

ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లల్లో పెయింటింగ్ వాడితో పేచీ లేదు. కాన్వాసు, రంగులు, గడ్డం ఉంటే వాడి మానాన వాడు బతికేస్తాడు. శిల్పం వాడు ఎప్పుడూ కాలేజీ షెడ్డులోనే పడుంటాడు కాబట్టి ఇంటికి ప్రమాదం లేదు. గండమల్లా ప్రింట్‌మేకింగ్ తీసుకున్నవాడితోనే. ఇంకు రాసి కాయితం అదిమితే అచ్చు పడే ప్రతి వస్తువూ వాడికి సరుకే. పడని వస్తువు ఇంతవరకూ మా ఇంట్లో దొరకలేదు.

మా మేనల్లుడు ఈ జాతివాడే. హైదరాబాదులో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. చేతులు కడుక్కున్నావురా అంటే కడుక్కున్నానంటాడు. నిజమే, కానీ గోళ్ల చుట్టూ ఉన్న నలుపు కిరసనాయిలుకే లొంగలేదు, సబ్బెంత? రోడ్డు మీద ఎప్పుడూ తల దించుకునే నడుస్తాడు. బంధువులు దాన్ని వినయం అనుకుని వాళ్ల పిల్లలకి చూపించి బుద్ధులు చెబుతారు. వాడు వెతికేది నేల మీద ఏం దొరుకుతుందా అని.

దొరికినవన్నీ వాడి మంచం కింద ఉంటాయి. గోనెపట్టా ముక్కలు, మొక్కజొన్న పొత్తుల తొక్కలు, పంక్చరైన సైకిల్ ట్యూబు. వీటిని అట్ట మీద ఫెవికాల్‌తో అతికించి, పైన లక్క వార్నిష్ పూస్తాడు. అది ఆరాక ఇంకు దట్టించి, పైపైన తుడిచి, నానబెట్టిన కాయితం పరిచి ప్రెస్సులో తిప్పుతాడు. సందుల్లో దాక్కున్న ఇంకంతా కాయితంలోకి దిగుతుంది. దీన్ని కోలాగ్రాఫ్ అంటారు. జింకు ప్లేటు కొనడానికి డబ్బుల్లేనప్పుడు జ్యూసు డబ్బా విప్పి, లోపలి వెండిపూత మీద సూదితో గీస్తాడు. అందుకని మేమంతా రోజూ మామిడి జ్యూసు తాగాలి. నాకు షుగరు మొర్రో అంటే, "నువ్వు ఒక్క గుక్క తాగు మామయ్యా, డబ్బా మాత్రం నలపకు" అంటాడు.

ఒకసారి మా అమ్మ వాడి మీద ప్రేమతో బీపీ మాత్రల రేకులు దాచి ఇచ్చింది. వాటినీ అట్ట మీద అతికించి ప్రింటు తీశాడు. బాగుందని ఒప్పుకోవాలి. నల్లటి నేల మీద చిరిగిన గుండ్రాలు వరసగా, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క అంచు. కానీ మధ్యలో కొన్ని గుండ్రాలు చిరగలేదు, ప్రెస్సు కింద చితికి తెల్లటి పొడి చల్లాయి. అవి అమ్మ మింగకుండా వదిలేసిన మాత్రలు. డాక్టరు పట్టుకోలేనిది ప్రింటు పట్టించింది. ఆరోజు నుంచి అమ్మ వాడికి రేకులివ్వడం మానేసింది.

పని చెడిపోవడమన్నది వాడి విషయంలో జరగదు. యాసిడ్ అక్కర్లేని చోట తినేస్తే అది ఫౌల్ బైటింగ్. తుడవడం కుదరకపోతే ప్లేట్ టోన్. పది ప్రతులు ఒక్కలాగే తీసి, కింద పెన్సిలుతో 1/10, 2/10 అని రాయాలన్నది నియమం. వాడి పదింటిలో ఏ రెండూ కలవవు. అన్నిటి మీదా ఏ/పీ అని గీకేస్తాడు. ఆర్టిస్ట్స్ ప్రూఫ్ అన్నమాట. మొన్న కళాచరిత్ర పేపరు తప్పితే, "ఇది స్టేట్ ప్రూఫే మామయ్యా, ఫైనల్ ప్రింట్ ఇంకా తియ్యలేదు" అని నన్నే ఓదార్చాడు.

వాడి ఇష్టదైవం కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాపులో పేరు తెచ్చుకున్నాడాయన. ఇంకుల్లో నూనె పాళ్లు మార్చి, ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది రోలర్లు వాడి, ఒకే ప్లేటు మీంచి ఒకే తిప్పులో రంగులన్నీ తీసే పద్ధతికి ఆద్యుల్లో ఒకడు. భక్తి మంచిదే. అయితే మావాడు అవిసె నూనె అయిపోయిందని వంటింట్లోంచి వేరుశనగ నూనె తెచ్చి కలిపాడు. అవిసె నూనె ఆరుతుంది, వేరుశనగ నూనె ఆరదు. ఈ తేడా ఊరి నుంచి వచ్చిన మా బాబాయికి వీపు మీద తెలిసింది. హాల్లో ఆ ప్రింటు ఆరేసిన గోడకి చేరగిలబడి లేచేసరికి తెల్ల లాల్చీకి నాలుగు రంగులు. వీడు కాళ్లు పట్టుకుంటాడనుకున్నాం. "తాతయ్యా, కదలకు" అని వెనక్కి వెళ్లి నిలబడి, "ఘోస్ట్ ప్రింట్! అసలుదానికంటే మెత్తగా వచ్చింది" అని లాల్చీ అంచున పెన్సిలుతో సంతకం పెట్టాడు. ఏ/పీ.

వేసవి సెలవుల్లో కాలేజీ ప్రెస్సుకి తాళం పడింది. మా సందు చివర చెరుకురసం బండి దగ్గర వీడు దాహం సంగతి మరిచిపోయి మిషన్ కేసి చూస్తూ నిలబడ్డాడు. "అన్నా, రెండు రోలర్ల నడుమ ఎంత సందు పెట్టొచ్చు?"

"ఎన్ని గిలాసలు తమ్మీ?" అన్నాడతను.

మర్నాడు పొద్దున గిరాకీ లేని వేళ, అట్టా కాయితమూ దుప్పటి ముక్కలో మడిచి, పాలిథిన్ కవర్లు చుట్టి తిప్పించేశాడు. చెరుకు రోలర్లకి గాళ్లుంటాయి. కాయితం ఆ చివర చారలు చారలుగా, అంచుల్లో తియ్యగా బయటపడింది. వాడు దాన్ని ఎంబాసింగ్ అన్నాడు. రాత్రికి చీమలు పట్టాయి. మా ఆవిడ చీపురు తెస్తే, "ఉండు అత్తయ్యా, అది లైన్ వర్క్" అని అడ్డం పడుకున్నాడు.

పాత సామాన్లవాడు అందరిళ్లకీ కొనడానికి వస్తాడు, మా ఇంటికి అమ్మడానికి వస్తాడు. పోయిన ఆదివారం తుప్పు పట్టిన రేకు ముక్క పట్టుకొచ్చాడు. మావాడు ఇంట్లో లేడు కదా అని నేను పది రూపాయలన్నాను. ముప్ఫై అన్నాడు.

"తుక్కుకి ముప్ఫయ్యా?"

అతను రేకుని ఎండకి ఏటవాలుగా తిప్పి పట్టుకుని, "తుక్కెట్లయితది సార్? టెక్చర్ చూడున్రి" అన్నాడు.