కాలకేయుల శిల్పులకు

బాహుబలి సినిమా తీసినవారలారా, శత్రువును మలచడంలో తెలుగు తెరమీద మీకు సాటి లేరు. 2015లో కాలకేయ సేన వచ్చీ రాగానే, ఎవరు చావాలో హాలంతటికీ తెలిసిపోయింది. ఒంటికి నల్లరంగు, పళ్లకు గార. అంతకుమించి మీరేమీ చెప్పనక్కర్లేకపోయింది. పెళ్లిచూపుల్లో పిల్ల చాయను ఎంచే మన బుద్ధి మీకు అంత బాగా తెలుసు.

పైగా శత్రువుకు భాష ఇచ్చారు. రచయిత మదన్ కార్కీ చేత సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కిలికి పుట్టించారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. అంత వ్యాకరణం నేర్చినవాడు మాకు వినిపించినవి బెదిరింపులు, అరుపులు, రాజమాత శివగామిని అవమానించే మాటలు. బిడ్డను పిలిచిన పిలుపు ఒక్కటీ వినపడలేదు.

మీ పనితనమంతా బందీల ఘట్టంలో ఉంది. కాలకేయులు మాహిష్మతి రాజ్యపు జనాన్ని డాలుగా నిలబెడతారు. సింహాసనానికి పోటీపడే ఇద్దరిలో భల్లాలదేవుడు వాళ్లను చంపుకుంటూ ముందుకు పోతాడు. బాహుబలి తాళ్లు విసిరించి, వాళ్లను నేలకు పడేసి కాపాడతాడు. శివగామి సింహాసనం అతనికే ఇస్తుంది. జనం ప్రాణం కాచినవాడే రాజు అని ఇంత సూటిగా చెప్పిన యుద్ధం మన సినిమాల్లో అరుదు. ఆ దయ ఎక్కడ ఆగాలో కూడా మీరు అంతే నేర్పుగా ఏర్పాటు చేశారు. అవతలివైపు ఆడవాళ్లు లేరు, పసివాళ్లు లేరు, ముసలివాళ్లు లేరు. పడినవాడి కోసం ఏడ్చే గొంతు లేదు. మేం హాయిగా ఈలలు వేశాం.

పేరు మాత్రం మహాభారతం నుంచి తెచ్చుకున్నారు. అక్కడ కాలకేయులకు ఊరుంది, హిరణ్యపురం. కాలక అనే తల్లి కొడుకుల క్షేమం కోసం తపస్సు చేసి సాధించిన వరం అది. అర్జునుడు దాన్ని కూల్చాక ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ బయటికి వస్తారు. కొడుకుల కోసం, అన్నదమ్ముల కోసం, తండ్రుల కోసం నేలమీద పడి ఏడుస్తారు. ఆ సంగతి ధర్మరాజుకు చెప్పేది ఎవరో కాదు, వాళ్లను చంపిన అర్జునుడే. వనపర్వంలో ఉంది. దానివల్ల అర్జునుడి వీరత్వం రవ్వంతైనా తగ్గలేదు.

ఆ ఆడవాళ్లను మీరు వదిలేశారు. జలపాతాన్నీ, మహానగరాన్నీ నిలబెట్టిన మీకు అది చేతకాక కాదు. ఇంకో యుద్ధం తీసేటప్పుడు శత్రువు ఊరు కూడా చూపించండి.