గడువె యరుగువఱకు: వజ్రమార్గ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఆచారం నడుస్తున్నంత కాలం దాని మీది పద్యానికి టీక అక్కరలేదు. ఆచారం పోయి పద్యం మిగిలినప్పుడే వ్యాఖ్యాతకు పని పడుతుంది. కాలిఫోర్నియా రాష్ట్రంలో విద్యుత్తు కార్లకు అంటించిన స్టికరును వర్ణించే ఈ ఆటవెలదికి అటువంటి అవసరం 2025 సెప్టెంబరు 30న కలిగింది. కవి తన పేరు చెప్పుకోలేదు గాని, మూడో పాదంలో వినిపించే ఆత్రుతను బట్టి చూస్తే ఇతడు ఫ్రీమాంట్, మిల్పిటస్, శాన్ హోసే పట్టణాల్లో ఎక్కడో కాపురముండి, ప్రతి ఉదయం 880వ నంబరు రహదారి మీదనో 101 మీదనో కొలువుకు పోయిన తెలుగువాడని, బహుశా ముందున్న కారు కదలనప్పుడు ఈ పద్యాన్ని అల్లాడని ఊహించడం అనుచితం కాదు.

మూలం

గాలి చెఱుపకుండఁ గదలెడు తేరికిఁ
బక్కలందు బిళ్ళ పరగ నంట
బండి నొకఁడె యున్న వజ్రమార్గంబున
నరుగవచ్చు గడువె యరుగువఱకు.

ప్రతిపదార్థం

గాలిన్ = వాయువును; చెఱుపకుండన్ = పాడుచేయకుండా; కదలెడు = నడిచేటటువంటి; తేరికిన్ = రథానికి, ఇక్కడ కారుకు; పక్కలందు = ఇరుపక్కలా; బిళ్ళ = ప్రభుత్వం ఇచ్చిన స్టికరు; పరగన్ = ఒప్పుగా; అంటన్ = అంటుకొనగా; బండిన్ = ఆ కారులో; ఒకఁడె = నడిపేవాడొక్కడే; ఉన్నన్ = ఉన్నప్పటికీ; వజ్రమార్గంబునన్ = వజ్రం గుర్తు గీసిన వరుసలో; అరుగన్ వచ్చున్ = పోవచ్చును; గడువె = గడువు మాత్రమే; అరుగు వఱకున్ = తీరిపోయేదాకా.

తాత్పర్యం

పొగ వదలని కారుకు ప్రభుత్వ స్టికరును సరిగా అంటించినవాడు, పక్కన మరో మనిషి లేకపోయినా, పలువురు కలిసి ప్రయాణించే కార్ల కోసం కేటాయించిన వరుసలో, స్టికరు గడువు ముగిసేదాకా వెళ్లవచ్చునని భావం.

విశేష వ్యాఖ్య

*వజ్రమార్గము.* ఈ మాటను వజ్రాలు పరచిన మార్గమని చెప్పే వ్యాఖ్య త్యాజ్యం. వజ్రచిహ్నము గల మార్గము అని మధ్యమపదలోపి సమాసంగానే దీన్ని విడదీయాలి. అమెరికా రహదారులలో సాధారణంగా ఎడమ అంచున ఉండి, నేల మీద తెల్లని వజ్రాకారం గీసి ఉండే ఈ వరుసను లోకులు కార్‌పూల్ లేన్ అంటారు. అందులో పోవాలంటే కారులో కనీసం ఇద్దరు, కొన్నిచోట్ల ముగ్గురు ఉండాలి. దక్షిణ కాలిఫోర్నియాలో ఈ నియమం చాలావరకు రాత్రింబవళ్లు అమలులో ఉంటే, ఉత్తరాన పనిదినాల్లో రద్దీ వేళలకే పరిమితం కనుక, ఉత్తరాదివారికి ఇది మడి కట్టుకున్నంతసేపు పాటించే ఆచారం వంటిది, దక్షిణాదివారికి నిత్యనియమం. అర్హత లేకుండా అందులో ప్రవేశించినవాడికి కనీస జరిమానా 490 డాలర్లని రోడ్డు పక్క పలకలే చెబుతాయి కాబట్టి, ‘వజ్ర’ శబ్దంలో ఖరీదు అనే అర్థం కూడా ధ్వనిస్తున్నదని అనవచ్చు.

*గాలి చెఱుపకుండ.* ఈ పదం మీద శాఖాభేదం ఉంది. కేవలం విద్యుత్తుతోనో హైడ్రోజన్‌తోనో నడిచే కారు కటిక ఉపవాసం చేసేవాడి వంటిది. ఇంటి గోడకు తగిలించి ఛార్జి చేసుకున్నా పెట్రోలు ఇంజను కూడా దాచుకున్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు ఒంటిపొద్దు ఉండేవాడి వంటిది. వీరిద్దరికీ పుణ్యం సమానమేనా అన్న ప్రశ్నకు రాష్ట్రం మొదట కాదని చెప్పి, కటిక ఉపవాసులకు తెల్లని బిళ్ళనూ ఒంటిపొద్దువారికి 2012 నుంచి ఆకుపచ్చ బిళ్ళనూ ఇచ్చి, ఆకుపచ్చవాటికి సంఖ్యాపరిమితి కూడా పెట్టింది. తరువాత ఆ పరిమితిని సడలిస్తూ పోయి చివరకు ఎత్తివేసింది. కవి ‘చెఱుపకుండ’ అని ఊరుకున్నాడే గాని ‘ఎన్నడును’ అనలేదు కనుక, అతడు రెండో శాఖవాడై ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము.

*తేరు, బండి.* ఒకే వాహనాన్ని మొదటి పాదంలో తేరనీ, మూడో పాదంలో బండి అనీ చెప్పడం దోషం కాదు. మొదటిది కారు కొన్ననాటి మాట, రెండోది నెలవారీ వాయిదాలు మొదలైన తరువాతి మాట. పాదాల నడుమ ఆ మాత్రం కాలం గడిచిందని గ్రహించాలి.

*బిళ్ళ.* తెలుగునాట కచేరీ జవానుకు బిళ్ళబంట్రోతు అని పేరు. నడుముపట్టీకి తగిలించిన ఇత్తడి బిళ్ళ వల్లనే అతడికి ఆ గౌరవం వచ్చింది గాని, బిళ్ళ తీసేస్తే అతడూ అందరివంటి మనిషే. కారుకు అంటించే స్టికరును కవి బిళ్ళ అనడంలోని ఔచిత్యం ఇక్కడే ఉంది: ఈ అధికారం వాహనానికి గాని, నడిపేవాడికి గాని స్వతస్సిద్ధమైనది కాదు, తగిలించినది. బిళ్ళ మీద కాలిఫోర్నియా పేరు, ఇది స్వచ్ఛమైన గాలి వాహనమనే మాట, ‘యాక్సెస్ ఓకే’ అనే రెండు మాటల అభయం తప్ప మరేమీ పెద్దగా ఉండవు; అనుమతి ఉందని చెప్పడానికి ఏ శాసనమూ ఇంతకన్నా పొదుపుగా మాట్లాడి ఉండదు.

దీన్ని పొందే విధి ఇలా ఉండేది. వాహనాల రిజిస్ట్రేషన్లు, డ్రైవింగు లైసెన్సులు చూసే రాష్ట్ర శాఖ అయిన డీఎంవీకి, కారు జాతకచక్రం వంటి 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్యను తప్పు లేకుండా రాసి, దరఖాస్తు పంపాలి; చాలా ఏళ్లు 22 డాలర్లుగా ఉన్న రుసుము కట్టాలి; ఆ తరువాత తపాలా పెట్టె వైపు చూస్తూ ఉండాలి. 2018 నుంచి దీనికి మరో మెలిక చేరింది: రాష్ట్రం అప్పట్లో ఇచ్చిన నగదు రాయితీనీ ఈ బిళ్ళనూ రెండింటినీ కోరేవాడి వార్షికాదాయం ఒంటరివాడైతే 1,50,000 డాలర్లు, భార్యాభర్తలు ఉమ్మడిగా పన్ను లెక్క ఇస్తే 3,00,000 డాలర్లు దాటకూడదు. బిళ్ళ కారుకే చెందేది గాని యజమానికి కాదు. కారు అమ్మితే గోవుతో పాటు మెడలోని గంట పోయినట్లు అదీ పోయేది.

*పక్కలందు.* పెద్ద బిళ్ళలను కారు రెండు పక్కలా వెనుక భాగంలోనూ, చిన్నదాన్ని వెనుక బంపరు మీదా, దూరం నుంచి కనబడేటట్లు అంటించవలసి ఉండేది. కొనుక్కుని కారు అద్దాల లోపల దాచుకుంటే ఫలం ఉండేది కాదు. రహదారి పోలీసు పక్కనుంచి చూసినా వెనుక నుంచి చూసినా తెలియాలన్నదే దీని ఉద్దేశం. కొత్త కారును గుడికి తీసుకుపోయి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు భాగానికి పసుపు కుంకుమలు అద్దించిన తెలుగు గృహస్థుకు ఈ స్థాననిర్ణయం చిక్కుగా తోచదు: ముందు దేవుడి బొట్టు, వెనుక ప్రభుత్వం బొట్టు. కాకపోతే మొదటిది మొదటి వానకు పోతుంది, రెండోది ఎండవానలకు తట్టుకుంటుంది.

*పరగ.* అర్ధపండితులు ఈ మాటను గణం నింపడానికి కవి వాడిన ఊతపదమని కొట్టిపారేస్తారు. నిజానికి పద్యం మొత్తంలో అనుభవం నుంచి పుట్టిన మాట ఇదొక్కటే. మెరుస్తున్న రంగు మీద బిళ్ళ పెట్టబోయేవాడికి చేయి వణకడం సహజం. ఒకసారి అంటిన తరువాత వంకర సరిదిద్దుదామని లాగితే అది ముక్కలై ఊడుతుంది, కనుక రెండో అవకాశం లేదు. అందువల్ల ముందుగా ఆ చోటును కడిగి, నూనె జిడ్డు లేకుండా తుడిచి, నీడపట్టున ఆరనిచ్చి, బిళ్ళను ఒక అంచు నుంచి మెల్లగా దింపుతూ, బ్యాంకు కార్డు అంచుతో నడిమి నుంచి బయటికి నొక్కుతూ గాలి బుడగలను వెళ్లగొట్టాలి. గాలిని చెరపని కారుకు అంటించే బిళ్ళ కింద గాలి చిక్కుకుంటే అది పరగదు. రంగు పాడవుతుందన్న దిగులుతో బిళ్ళను అయస్కాంతపు రేకు మీద అంటించి పెట్టి తీసే యుక్తిపరులు ఉన్నా, ‘అంట’ అన్న క్రియకు ‘తగిలించ’ అని అర్థం లాగడానికి వ్యాకరణం ఒప్పదు, చట్టమూ ఒప్పేది కాదు.

పాఠాంతరాలు

మూలంలో బిళ్ళ రంగు చెప్పకపోవడం కవి దూరదృష్టికి నిదర్శనం. 1999లో చేసిన చట్టం వల్ల వచ్చిన తొలి బిళ్ళ తెలుపు. 2005లో మామూలు హైబ్రిడ్ కార్లకు పసుపు బిళ్ళ వచ్చి, 85,000కు పరిమితమై, 2011 జులై 1తో చెల్లిపోయింది. 2018 నుంచి ఏటేటా రంగు మారింది: ఎరుపు, వంగపండు, నారింజ, నీలం వరుసగా వచ్చాయి, 2022లో పసుపు, 2023లో ఆకుపచ్చ మళ్లీ తిరిగివచ్చాయి, 2024లో ముదురు ద్రాక్ష రంగు వచ్చింది. ఎర్రబిళ్ళ 2022 జనవరి 1న, వంగపండు రంగుది 2023 జనవరి 1న, నారింజ 2024 జనవరి 1న, నీలం 2025 జనవరి 1న చెల్లిపోయాయి. చివరి మూడింటికీ 2025 సెప్టెంబరు 30 అనే ఒకే తేదీ పడింది. రెండు పసుపులు, రెండు ఆకుపచ్చలు ఉన్నందువల్ల, రాబోయే తరాల పరిశోధకులు ఒకదాన్ని మరొకటిగా పొరబడి కాలనిర్ణయం తప్పే ప్రమాదం ఉందని ఇక్కడే హెచ్చరించడం మంచిది.

ఛందస్సు

ఆటవెలదిలో బేసి పాదాలకు మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరి పాదాలకు అయిదూ సూర్యగణాలే. అంటే ఒక పాదం కాస్త సాగుతుంది, మరుసటిది చిన్న చిన్న అడుగులు వేస్తుంది. సాయంకాలపు రహదారి నడకకు ఇంతకన్నా తగిన ఛందస్సు దొరకదు. మూడో పాదంలో ‘బండి’కీ ‘వజ్ర’కూ యతి చెల్లింది. బకార వకారాల మైత్రి లాక్షణికులు శాశ్వతంగా అంగీకరించినది. బండికీ వజ్రమార్గానికీ మైత్రి మాత్రం శాసనసభ అంగీకరించిన గడువు మేరకే.

పూర్వపక్షం, సిద్ధాంతం

ఇక్కడ ఆక్షేపణ: ఈ వరుస పుట్టినది రోడ్డు మీద కార్ల సంఖ్య తగ్గించడానికి, ఒక్కడే కూర్చున్న విద్యుత్తు కారు పొగ వదలకపోవచ్చును గాని, పెట్రోలు కారు ఆక్రమించినంత చోటూ ఆక్రమిస్తుంది, నలుగురున్న పాత కారును వెనక నిలబెట్టి ఏకాకికి దారి ఇవ్వడం ఏం న్యాయం?

సమాధానం: ప్రభుత్వం ఇక్కడ దారిని కాదు, కాలాన్ని పంచింది. ఖజానా నుంచి రూకలు తీయకుండా, ఇంటికి చేరే అరగంటను కానుకగా చూపి, కొత్త రకం కారు కొనడానికి జంకుతున్నవాడిని ఒప్పించింది. కాని ఈ కానుకలో ఒక గుణం ఉంది: పుచ్చుకునేవారు పెరిగినకొద్దీ అది తరుగుతుంది. రద్దీ వేళల్లో ఈ వరుసల వేగం పదింట తొమ్మిది పాళ్ల కాలమైనా గంటకు 45 మైళ్లకు తగ్గకూడదని సమాఖ్య చట్టం చెబుతుండగా, చివరినాటికి చెల్లుబాటులో ఉన్న బిళ్ళలు 5 లక్షలు దాటాయి. అందరూ ముందు వరుసలో కూర్చుంటే అది ముందు వరుస కాదు. అందుచేత ఈ బిళ్ళ విఫలమైతే ఎవరూ అంటించుకోక పోయేది, సఫలమైతే అందరూ అంటించుకొని పోయేది. ఏ దారిన చూసినా పోవడం దీని స్వభావంలోనే ఉంది. ‘గడువె’ అని కవి ఏవకారం వేసినది ఇందుకే.

అలంకారం

‘అరుగవచ్చు’, ‘అరుగు’ అని నాలుగో పాదంలో మొదట పోవుటను, తరువాత తరిగిపోవుటను చెప్పడం వల్ల యమకచ్ఛాయ ఉంది. కారు ఎంత అరిగితే గడువూ అంత అరిగిందని ధ్వని. ప్రధానాలంకారం విభావన. కారణం లేకుండానే కార్యం కలిగిందని చెప్పడం విభావన కాగా, ఇక్కడ రెండో మనిషి అనే కారణం లేకుండానే వజ్రమార్గ గమనం అనే కార్యం సిద్ధించింది.

అయితే ఈ అలంకార నిర్ణయం కొంతకాలానికే చెల్లింది. రాష్ట్రం 2027 దాకా కొనసాగిద్దామనుకున్నా, సమాఖ్య చట్టం ఇచ్చిన అనుమతిని అమెరికా కాంగ్రెసు పొడిగించకపోవడంతో 2025 సెప్టెంబరు 30న గడువు తీరింది. ఆగస్టు 29 దాకా దరఖాస్తులు తీసుకున్నందున, నెల రోజుల ఆయుస్సు గల బిళ్ళను కూడా బుడగ లేకుండా అంటించిన శ్రద్ధాళువులు ఉండే ఉంటారు. ఆపైన 60 రోజులు జరిమానా వేయకుండా ఓర్చి, డిసెంబరు 1 నుంచి రాష్ట్రం ఏకాకులకు పూర్వనియమాన్నే వర్తింపజేసింది. ఇప్పుడు కారు ఉంది, అది గాలిని చెరపడం లేదు, బిళ్ళ పక్కలందు పరగనే ఉంది. గమనం మాత్రం లేదు. కారణమంతా ఉండి కార్యం కలగకపోవడాన్ని ఆలంకారికులు విశేషోక్తి అంటారు. ఒక్క అక్షరమైనా మారకుండా ఒకే పద్యం విభావన నుంచి విశేషోక్తికి మారడం అరుదు. ఆ మార్పు తేదీతో సహా తెలియడం మరీ అరుదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని పఠించినవాడికి వజ్రమార్గ ప్రాప్తి కలుగుతుందని చెప్పడానికి ఇప్పుడు వీలులేదు. కలిగే ఫలం మరొకటి. తల ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి పట్టించి, గోటితో అంచు లేపి, బిళ్ళను ముక్కలు ముక్కలుగా ఒలిచినవాడికి, చుట్టూ రంగు ఎండకు వెలిసిపోయి ఉండగా, బిళ్ళ కప్పిన చోట మాత్రం కారు కొన్ననాటి రంగు అలాగే కనబడుతుంది. మొదటి పాదంలోని తేరు అంతమేరకు అక్కడ మిగిలి ఉంది, మిగిలినదంతా బండి.