మా మచ్చల మామ

ఒక్కసారి ఆపరేషన్ టేబుల్ ఎక్కి దిగినవాడు సగం డాక్టరు. అది మరీ చిన్న ఆపరేషన్ అయితే పూర్తి డాక్టరు. ఇలాంటివాడు బస్తీకి ఒకడుంటాడు. భివండిలో కళ్యాణ్ రోడ్డు మీది మా టెంఘర్‌లో ఆ హోదా మా మేనమామది. సిరిసిల్ల నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకు సగం చెవుడు తెచ్చుకుని, చివరికి తాకాలు, అంటే నేసిన బట్ట చుట్టలు, చెక్ చేసే పనిలో కుదురుకున్న మనిషి.

ఒకప్పుడు ఆయన మచ్చలకు వీరాభిమాని. ముంజేతి మీది నల్లమచ్చ ధనయోగమని నమ్మేవాడు. ధనం రాలేదు, మచ్చ మాత్రం పెరిగింది. అత్త పోరు పడలేక డాక్టరు దగ్గరికి పోతే, తీసి పరీక్షకు పంపిద్దామన్నాడాయన. మామ సంచిలోంచి లామినేషన్ చేయించిన పదో తరగతి మెమో తీసి బల్ల మీద పెట్టాడు. పుట్టుమచ్చల వరుసలో మొదటిది అదే.

"ఇది తీసేస్తె, నేను నేనే అని రేపు ఎవడు ఒప్పుకుంటడు సార్?"

"రెండోది కూడా రాసి ఉందిగా, దాంతో సర్దుకోండి" అన్నాడు డాక్టరు.

మొద్దుబారే సూది, చిన్న కోత, రెండు కుట్లు. తీసిన ముక్క మందునీళ్ల సీసాలో పడి ల్యాబుకు పోయింది. ఉత్త మచ్చే, భయం లేదని రిపోర్టు వచ్చింది. ఇంకెవరైనా అయితే మార్కండేయుడికి కొబ్బరికాయ కొట్టి మరిచిపోయేవారు. మామకు ఆ రోజే అక్షరాభ్యాసం.

క్యాన్సర్ అనుమానం ఉన్న మచ్చను పట్టడానికి న్యూయార్క్ డాక్టర్లు 1985లో నాలుగు గుర్తులు చెప్పారు, 2004లో ఐదోది చేరింది. మామ ఆ ఐదింటినీ తీసుకొచ్చి తాకాల బల్ల మీద పడేశాడు. "నడుమ గీత గీస్తె రెండు దిక్కులు ఒక్క తీరుండాలె. అంచు సాఫ్ ఉండాలె. రంగు ఒక్కటే ఉండాలె. పెన్సిల్ రబ్బరు కన్న పెద్దగుండొద్దు. పోయిన నెలకు ఈ నెలకు మారొద్దు. మారిందా, మాల్ వాపస్!" చెవి మీది పెన్సిల్ తీసి, తిరగేసి, 6 మిల్లీమీటర్ల ఆ రబ్బరును ఎదుటివాడి మచ్చకు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తాడు. తర్వాత పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోన్‌లో ఫోటో. ఆయన ఫోన్‌లో మనవళ్ల ఫోటోల కంటే బంధువుల మచ్చల ఫోటోలే ఎక్కువ.

పద్మానగర్‌లో ఒక బారసాలకు పోయి, తొట్టెలో పసిదాని అరికాలు చూసి కేకపెట్టాడు. "నిన్న లేదు, ఇయ్యాల ఉన్నది!" బాలింత పరుగెత్తుకొచ్చి, కొంగుతో ఆ దిష్టిచుక్క తుడిచి చూపించింది. మామ నొచ్చుకోలేదు. "పెట్టేటప్పుడు జర గుండ్రంగ పెట్టు బిడ్డా" అన్నాడు.

ఇక ఎండ గోల. ఏప్రిల్‌లో నల్ల గొడుగు, నిండు చేతుల చొక్కా, మెడకు తువ్వాల. పది దాటాక, నాలుగయ్యేలోపు ఎవరైనా గడప దిగితే ఊరుకోడు. మెడికల్ షాపువాడితో రోజూ పంచాయితీ. "30 నంబరు క్రీము 97 శాతం ఆపుతది, 50ది 98. ఆ ఒక్క శాతానికి గింత రేటా?" రెండు వేళ్ల పొడుగున పిండితేగాని ముఖానికి చాలదని, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలని లోకానికి చెప్పే ఈ పెద్దమనిషి, తను మాత్రం ఒక్క ట్యూబును దసరా నుంచి ఉగాది దాకా లాగుతాడు.

"ముప్పై ఏండ్లు రేకుల షెడ్డుల పన్నెండు గంటల డ్యూటీ చేసినోనికి ఎండెక్కడిదయ్యా?" అంటుంది అత్త. మా పద్మశాలీల కులపురాణం ప్రకారం మా మూలపురుషుడు భావనాఋషి పెళ్లాడింది సూర్యుడి కూతురు భద్రావతిని. "పద్మశాలోళ్లకు సూర్యుడు మామ, అల్లుళ్లను కాలుస్తడా?" అని ఓ పెద్దాయన నిలదీస్తే, మా మామ గొడుగు విప్పుతూ జవాబిచ్చాడు. "మామ అయితె ఏంది? అత్తగారింట్ల ఎక్కువసేపు కూసుంటె మర్యాద ఉంటదా?"

విసుగొచ్చి తిడదామనుకున్నప్పుడల్లా ఆయన ఒక మంచి మాట అడ్డం వేస్తాడు. మెలనోమా అనే ఆ చెడ్డమచ్చ మన రంగువాళ్లకు అరుదు. వచ్చిందంటే మాత్రం తరచు ఎండ సోకని చోటే వస్తుంది. అరికాలు, అరచెయ్యి, గోరు కింద. పాటగాడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది, 1981లో 36 ఏళ్లకే పోయాడు. మామకు ఆయన పాట ఒక్కటీ తెలియదు, వేలు సంగతి మాత్రం చాయ్ దుకాణం మొత్తానికి తెలియజేశాడు.

అప్పట్నుంచి కనపడ్డవాళ్లందరినీ చెప్పులు విప్పమంటాడు. వరుసకు కోడలయ్యే పిల్ల కాళ్ల దగ్గర వంగితే, పెద్దాయన తనకు మొక్కుతున్నాడనుకుని ఆ పిల్ల "అయ్యో, పాపం తగుల్తది మామా!" అంటూ వెనక్కి వెనక్కి పోయి పడుగు నూలు చుట్టిన బీము మీద కూలబడింది. కానీ అదే వారం, కాలి మచ్చను సున్నం, సోడాతో కాల్చుకోబోతున్న ఒక కార్మికుడి చెయ్యి పట్టుకుని ఆపింది కూడా ఈయనే. "కాల్చినంక డాక్టరు ఏం చూడాలె, బూడిదా?" అని దవాఖానకు తీసుకుపోయి, లైన్లో తనే నిలబడ్డాడు. అది పులిపిరి అని తేలింది. చాయ్ డబ్బులు కూడా మామే ఇచ్చాడు.

ఊరందరి పాదాలు చూసే ఈ మనిషికి తన పాదం తనకు కనపడదు. పొట్ట అడ్డం, మోకాళ్లు వంగవు. "పెండ్లినాడు మొక్కిన, ఇగ సాలు" అని అత్త తప్పుకుంది. ఆ కొలువు నాకు పడింది. నెలకోసారి ఆయన మంచం మీద బోర్లా పడుకుంటాడు, నేను ఫోన్ టార్చ్ వేస్తాను. మొన్న నా కక్ష తీరే రోజు వచ్చింది.

"మామా, మడమ మీద ఒకటున్నది."

గొంతు తగ్గింది. "అంచు?"

"సాఫ్ లేదు."

"రంగు?"

"రెండు రంగులు."

"పెన్సిల్ పెట్టి చూడు..."

"దాటింది మామా."

కాసేపు ఆయన్ను అలాగే ఉంచి, తడిగుడ్డ తెచ్చి గట్టిగా రుద్దాను. సాంచా నూనె మరక సాంతం పోయింది. చెప్పాను. లేచి చెంప మీద ఒకటి ఇస్తాడనుకున్నాను.

"పోయిందిగద, మంచిదే" అన్నాడు మామ, తల ఎత్తకుండానే. "పోనిది ఏమన్న ఉన్నదేమో, ఆ రెండో కాలు చూడు."