తాళం మాది, రాగం దానిది

దొంగల భయం ఉన్నవాళ్లు కుక్కను పెంచుకుంటారు. మా టఫీ సంగతి తెలిస్తే దొంగలే దాని తిండి ఖర్చు భరిస్తామని ముందుకొస్తారు. ఇంట్లో మనుషులున్నంతసేపూ దాని నోటికి పని లేదు. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు, కరెంటు రీడింగు తీసేవాడు, చందా పుస్తకం పట్టుకొచ్చిన వినాయక చవితి కుర్రాళ్లు, ఎవరు గేటు తీసినా తోకూపి లోపలికి రమ్మంటుంది. నేనూ మా ఆవిడా తాళం వేసి వీధి మలుపు తిరిగామో లేదో, అప్పుడెత్తుకుంటుంది. ‘ఈ ఇంట్లో ఎవరూ లేరహో, సాయంత్రం దాకా రారహో’ అని పాణ్యం బస్టాండు దాకా చాటింపు వేస్తుంది. దానికి మేం పాలూ పెరుగన్నం పెట్టి మరీ ఆ పని చేయించుకుంటున్నాం.

టఫీ పమేరియన్. అంటే మా వీధి లెక్కలో పమేరియన్. తెల్లగా, బొచ్చుగా, నక్కమూతితో ఉన్న ప్రతి కుక్కనూ మన దగ్గర పమేరియనే అంటారు గానీ వాటిలో చాలావాటి అసలు జాతి ఇండియన్ స్పిట్జ్. 1994లో హిందీలో వచ్చి తెలుగులో ‘ప్రేమాలయం’గా ఆడిన సినిమాలో, ఉత్తరాన్ని అందాల్సిన చేతికి అందించి కథను ఒడ్డున పడేసిన కుక్క ఈ జాతిదే. దాని పేరు టఫీ. ఆ సినిమా వచ్చాక తెల్లబొచ్చు కుక్క ఎక్కడ పుట్టినా బారసాల అక్కర్లేకుండానే టఫీ అయిపోయింది. సినిమా టఫీ క్రికెట్ మ్యాచికి అంపైరింగ్ కూడా చేసింది. మా టఫీకి అంపైరింగ్ రాదు, అప్పీలు ఒక్కటే వచ్చు.

మా ఎదురింట్లో రైల్వే గార్డుగా చేసి రిటైరైన మామ ఉంటాడు. నాకు వరసకు మామ కాదు, వీధి మొత్తానికి మామ. గుంతకల్లు, నంద్యాల మధ్య సిమెంటు గూడ్సుల తోకన బతుకంతా తిరిగిన మనిషి. పక్కన బండి మీద బండి పోతున్నా కూర్చున్నచోటే గురక పెట్టగలడు. అంతటి మనిషికి టఫీ గొంతు మాత్రం పడదు. ఒక సాయంత్రం ఫోను చేత్తో పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు.

“ఏమప్పా, శబ్ద కాలుష్యం రూల్సు సదివినావా? 2000 సంవత్సరంలోనే వచ్చినాయి. ఇండ్లుండే కాడ పగులు 55 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి 45. నీ కుక్క ఎంత కొడతాందో చూడు.”

ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఎక్కించుకున్నాడు. మధ్యాహ్నం టఫీ ఎనభై దాటిందట. ఆ ముక్క చెప్పడానికి మామ ఎత్తిన గొంతుకు ఫోనులోని ముల్లు గిరుక్కున తిరిగి ఇంకా పైకి పోయింది. ఇద్దరం చూశాం. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నేనూ ఊరుకోలేదు. ఆస్ట్రేలియాలో చార్లీ అనే గోల్డెన్ రిట్రీవర్ 2012లో 113.1 డెసిబెల్స్ మొరిగి గిన్నిస్ పుస్తకానికెక్కిందనీ, దాని ముందు మనది నోట్లో నాలుక లేని జీవమనీ చెప్పాను. “అట్లయితే దీన్ని గూడా ఆస్ట్రేలియాకే తోలు” అన్నాడు. మొరుగుతుందన్న కారణంతో పెంపుడు కుక్కను వెళ్లగొట్టమనడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లో చెప్పిన కాగితం చూపించాను. మామ కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివి, “ఇది కుక్కలు కూసోని రాసుకున్న రూలప్పా” అని తిరిగిచ్చాడు.

సినిమావాళ్లు చూపించే సీమలో అయితే ఈ పాటి తగాదాకు ఇరవై సుమోలు లేస్తాయి. మా వీధిలో మా ఆవిడ లేచి టీ పెట్టింది. పక్కింటి అవ్వ కూడా వచ్చి కట్ట మీద కూర్చుంది. ఇక పంచాయితీకి కావలసినదంతా కుదిరినట్టే.

“బనగానపల్లె కాడ యాగంటిలో అగస్త్యులోరు తపస్సు చేస్తాంటే కాకులు గోల చేసినాయంట నాయనా. శాపం పెట్న్యాడు. ఈ పొద్దుటికీ ఆడ కాకి వాలదు” అని అవ్వ మొదలుపెట్టింది. మన పాణ్యానికీ ఒక అగస్త్యుడొస్తే బాగుండునని మామ నిట్టూర్చాడు. శాపం పెట్టాలంటే ముందు తపస్సు చేసి ఉండాలి. మామ మధ్యాహ్నం పూట చేసేదాన్ని మా ఇంట్లో వేరే పేరుతో పిలుస్తారు. అవ్వ దిగులు ఇంకా పెద్దది. కలియుగం చివర యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పినట్టు మావైపు గట్టి నమ్మకం. “ఆ రంకె నాకు వినపడాల గదా నాయనా. నీ కుక్క సందియ్యాల గదా” అంది.

ఈలోగా మామ చేతి కర్ర గేటు వైపు జరిగింది. నేను వెంటనే భారతం ఎత్తుకున్నాను. జనమేజయుడు యాగం చేస్తున్నచోట తిరుగుతున్న కుక్కపిల్లను ఆయన తమ్ముళ్లు ఉత్తపుణ్యానికి కొట్టారు. దాని తల్లి సరమ దేవతల కుక్క. నేరుగా రాజు ముందుకొచ్చి నిలదీసింది, శపించి మరీ పోయింది. నన్నయ్యగారు ఆదిపర్వంలో ఈ కథ చెప్పారు. చివరికొస్తే, కుక్కను వదిలేస్తే గానీ స్వర్గంలోకి రానివ్వమంటే ధర్మరాజు ఆ స్వర్గమే అక్కర్లేదన్నాడు. ఇంత చెప్పి, మామ కర్ర దించుతాడేమోనని చూశాను.

“అదప్పా ధర్మరాజంటే! యాడికి బోయినా ఎంట తీసకపొయినాడు. నువ్వు గూడా ఆఫీసుకు ఎంట తీసకపో.”

ధర్మరాజుకు బయోమెట్రిక్ హాజరు లేదు.

నంద్యాలలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన టఫీ నోరు, చెవులు, పొట్ట అన్నీ చూసి, జబ్బేమీ లేదు, బెంగ అన్నారు. తనవాళ్లు కనపడకపోతే కొన్ని కుక్కలు ఇలాగే కంగారుపడతాయట. మొరుగుతాయి, తలుపు గీరుతాయి, చొంగ కారుస్తాయి, యజమాని వాసన ఉన్న చెప్పులో దుప్పటో దొరికితే కొరికేస్తాయి. అది పొగరు కాదు, భయం. భయపడేదాన్ని కొడితే భయం రెట్టింపవుతుంది కాబట్టి చెయ్యెత్తవద్దన్నారు. మరీ ముదిరితే మందులున్నాయి. అమెరికాలో ఈ బెంగకని క్లోమిప్రమిన్ మాత్రకు 1998లో, ఫ్లూఆక్సెటిన్‌కు 2007లో అనుమతిచ్చారు. రెండూ అంతకుముందు నుంచీ మనుషుల దిగులుకు వాడుతున్నవే. ఆ మాట వినగానే మా ఆవిడ, “అయితే ముందు ఎదురింటి మామకిద్దాం” అంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కర్నూలు నుంచి విడిపోయి జిల్లా అయినప్పుడు జిల్లాకే రాని బెంగ కుక్కకెందుకొచ్చింది డాక్టర్ గారూ అని నేనూ ఒక చెణుకు విసిరాను. ఆయన నవ్వలేదు. బయట నిలబడ్డ బర్రెను లోపలికి తోలమన్నారు.

మందు రాయలేదు గానీ మాకు సాధన రాసిచ్చారు. మనం బయల్దేరుతున్నామని కుక్క ముందే పసిగడుతుందట. తాళాల గలగల, హెల్మెట్టు, టిఫిను డబ్బా మూత పడ్డ చప్పుడు, ఇవే దానికి మొదటి గంట. ఆ గంటలన్నీ కొట్టి, ఎక్కడికీ పోకుండా కూర్చోవాలి. పోతే పది అంకెలు లెక్కపెట్టేలోపు తిరిగి రావాలి, తర్వాత నిమిషం, తర్వాత ఐదు నిమిషాలు, అలా పెంచుకుంటూ పోవాలి. పోయేటప్పుడు వీడ్కోళ్లు వద్దు, వచ్చీరాగానే ముద్దులు వద్దు. ఈ చివరిది మా ఆవిడకు బొత్తిగా కుదరలేదు. రోజూ పొద్దున ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు దాని గడ్డం పట్టుకుని అప్పగింతలు పెట్టేది. పోయేది మేము, ఉండేది అది.

ఆదివారం సాధన మొదలైంది. బూట్లు, హెల్మెట్టు, భుజాన బ్యాగుతో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాను. చేతిలో బండి తాళాలు, అప్పుడప్పుడూ ఆడిస్తున్నాను. టఫీ తలుపు వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది, మళ్లీ తలుపు వైపు చూస్తుంది. కిటికీలోంచి మామ కూడా అదే పని చేస్తున్నాడు. చాలాసేపు చూసి, “ఏమప్పా, ఇంట్లో అంత భయంగా ఉందా?” అన్నాడు. మా ఆవిడ వంటింట్లో ఉంది, చేతిలో చపాతీ కర్ర ఉంది. నేనేం చెప్పినా నమ్మే పరిస్థితి కాదది.

మధ్యాహ్నం రెండో పాఠం. తాళం వేయడం, గేటు దాటడం, గోడ పక్కన నక్కి అంకెలు లెక్కపెట్టడం, తిరిగొచ్చి తాళం తీయడం. దారిన పోయే పాలాయన బండి ఆపి, “తాళం పట్టల్యాదా అన్నా?” అని తనే రెండుసార్లు తిప్పి చూసి, బాగానే ఉందని చెప్పి పోయాడు. సొంత ఇంటి గోడ పక్కన నక్కిన మనిషిని ఊళ్లో ఎవరూ ఊరికే వదలరు. ఒకాయన అప్పులవాళ్లా అని కూడా అడిగాడు.

సాధన వల్ల ఫలితం లేదనను. తాళాలు గలగలమంటే టఫీ ఇప్పుడు చెవి కూడా కదపదు. అయితే నా కాళ్ల వైపు చూడ్డం నేర్చుకుంది. చెప్పులేసుకుంటే వీధి చివరి కొట్టుకు, బూట్లేసుకుంటే నంద్యాలకు. బూట్లు చూసిందంటే రాగం మొదలు. తిండి ధ్యాసలో పడేయమని డాక్టరు చెబితే కొబ్బరిచిప్పలో పెరుగన్నం గట్టిగా కూరి ఇచ్చాం. చిప్ప అద్దంలా నాకేసి, తిన్న బలంతో ఇంకో స్థాయి పైనుంచి అందుకుంది.

టఫీ మాకొచ్చింది ఆళ్లగడ్డలోని మా ఆవిడ పుట్టింటి నుంచి. ఆళ్లగడ్డ అంటే రాతి విగ్రహాలు చెక్కే ఊరు. మా మామగారింటి ప్రహరీ గోడకు అవతలే శిల్పుల షెడ్డు. తెల్లారిందగ్గర్నుంచి ఉలి చప్పుడే. రాతి దుమ్ముకు జామచెట్టు ఆకులు కూడా బూడిద రంగులో ఉంటాయి. టఫీ పిల్లగా ఉన్నప్పుడు గోడ సందులోంచి దూరి, సగం చెక్కిన ఆంజనేయస్వామి పాదాల దగ్గర నీడన పడుకునేదట. నెత్తిన సుత్తి దెబ్బలు పడుతున్నా కన్ను తెరిచేది కాదట. సంక్రాంతికి వెళ్లినప్పుడు దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి అందరం అహోబిలం పార్వేటకు పోయాం. రాత్రి భయపడుతూ వచ్చి, షెడ్డులోని పెద్దాయన్ను అడిగితే ఆయన వింతగా చూశాడు.

“అదెందుకు అరుస్తాది? మేముంటిమి గదా.”

అంటే దానికి ఉలి చప్పుడు వినపడితే మనుషులున్నట్టు లెక్క. పాణ్యంలో మా ఇంట్లో పగలంతా వినపడేది గోడ గడియారం ఒక్కటే. ఇంత సులువైన కిటుకు దొరికాక ఊరుకుంటానా? ఆ షెడ్డులో చాలాసేపు కూర్చుని ఉలి చప్పుడంతా ఫోనులోకి ఎక్కించుకొచ్చాను. సోమవారం స్పీకరు పెట్టి, చప్పుడు వదిలి, తాళం వేసి, బూట్లతోనే నంద్యాల పోయాం. టఫీ తోక మీద ముక్కు పెట్టుకుని పడుకుంది. గేటు దగ్గర నిలబడి విన్నాను, కుయ్‌మనలేదు.

పన్నెండింటికి మామ ఫోను. గుసగుసగా మాట్లాడుతున్నాడు. “అప్పా, మీ ఇంట్లో దొంగలు పడినారు. సుత్తితో గోడ పగలగొడతాండారు. కుక్కను ఏం చేసినారో ఏమో, సప్పుడే ల్యాదు. నువ్వు రా, మేం చుట్టూ నిలబడినాం.”

సగం పూట సెలవు పెట్టి పరుగున వచ్చేసరికి గేటు చుట్టూ వీధి వీధంతా ఉంది, కర్రలూ రోకళ్లూ ఉన్నాయి. మామ కుడిచేతిలో ఆయన సర్వీసు నాటి టార్చిలైటు, మిట్టమధ్యాహ్నం వెలుగుతోంది. తాళం తీశాను. లోపల ఉలి ఆళ్లగడ్డలో ఎలా మోగేదో అలాగే మోగుతోంది. టఫీ లేచి ఒళ్లు విరుచుకుని, అంతమంది మనుషుల్ని ఒక్కసారిగా చూసిన ఆనందంలో ఒక్కొక్కరి కాళ్లూ నాకింది. మామ కాళ్లు ముందు నాకింది. “దీనికంటే కుక్క అరుపే మేలప్పా” అని ఆయన తీర్పు చెప్పాడు. యాప్ తీసి కొలవలేదు.

“ఆ డబ్బా ఎందుకు నాయనా, నేను కూసుంటా గదా” అంది పక్కింటి అవ్వ.

ఇప్పుడు మేం తాళం వేసేసరికి అవ్వ మా వరండాలోకి వచ్చేస్తుంది. గ్రిల్లుకు ఇవతల అవ్వ, అవతల టఫీ. చేటలో వేరుశనక్కాయలు పోసుకుని ఒలుస్తూ కోడలి మీద ఉన్నవన్నీ దానికి చెబుతుంది. టఫీ పంజాల మీద గడ్డం ఆనించి వింటుంది, మధ్యలో ఒక పప్పు పడేస్తే తింటుంది, మళ్లీ వింటుంది. అవ్వ కొడుకూ కోడలూ కూడా పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. మనవడు హైదరాబాదులో చదువుతున్నాడు. ఇన్నేళ్లుగా ఆమె కూడా పగలంతా ఒంటరిగానే ఉంది. మొరగలేదు కాబట్టి వీధిలో ఎవరూ ఫోను పెట్టి కొలవలేదు, డాక్టరు దగ్గరికీ తీసుకుపోలేదు. మామ ఈమధ్య తన కుర్చీ కూడా మా వరండాలోకే తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం ముగ్గురూ నిద్రపోతారు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఉగాదికి అవ్వ డోన్‌లో కూతురింటికి పోతోంది, వేసవంతా అక్కడే ఉంటుందట. మామ ఒక్కడే కూర్చుంటే లాభం లేదు, ఆయన మాట్లాడడు, గురక పెడతాడు. అందుకని పాణ్యంలో, చుట్టుపక్కల ఊళ్లలో పగటిపూట ఇంటిపట్టున ఒంటరిగా ఉండే పెద్దవాళ్లెవరైనా ఉంటే దయచేసి కబురు చేయండి. ఫ్యాను, మధ్యాహ్నం టీ, వక్కాకు ఖర్చు మావి. కొడుకు, కోడలు, అల్లుడు, ఎవరి గురించి ఎంత చెప్పుకున్నా అభ్యంతరం లేదు. మా టఫీ ఏ మాటా బయటికి పోనివ్వదు.